మా జేజి నోరు విప్పని రోజు

నా చిన్నప్పుడు ఎక్కడి నుంచైనా బెల్లం మాడిన వాసన వస్తే మా ఇంట్లో ఎవరూ సంగటి ముద్ద ముట్టేవాళ్ళు కాదు. శవం లేచిన ఇల్లులా ఉండేది. ఇప్పటి పిల్లలకు బెల్లం అంటే పొంగలిలో వేసుకునే వస్తువు, అంగట్లో దొరుకుతుంది. మాకు బెల్లం అంటే ఏడాది. ఏడాదంతా నీళ్ళు కట్టి, కలుపు తీసి, అడవి పందులు పడకుండా కాపలా కాసిన చెరుకు ఒక్క పూటలో పెనంలోకి పోతుంది. అది మాడిందంటే పడిన కష్టం పోయినట్టే కాదు, రాబోయే రోజుల తిండి కూడా పోయినట్టు.

నేను అక్షరాలు బిడ్డల తల్లినయ్యాక దిద్దుకున్నదాన్ని. అందుకని చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. మొరటుగా ఉంటే ఉండనివ్వండి.

మాది పూతలపట్టు నుంచి లోపలికి నడిచి పోవాల్సిన పల్లె. అంతకుముందు మా ఊరి వాళ్ళందరూ చెరుకును బండ్లకెత్తి, ఒక వ్యాపారి గానుగకు తోలేవాళ్ళు. అతను చెప్పిందే తూకం, అతను ఇచ్చిందే ధర. మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ఒక ఏడు ఆ బండి వెంట పోయి, ఆ తూకం చూసి, తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. "ఎవురికి వాళ్ళు తోలుకుంటే వాడు చెప్పినట్టు వినల్ల. అందరం ఒకే పెనం కింద మంట పెడదాం రాండి" అని అడిగింది. కొందరు నవ్వారు. కొన్ని ఇండ్ల వాళ్ళు మాత్రం సరేనన్నారు. వాళ్ళందరూ కలిసి ఒక పాత డీజిల్ ఇంజను, చెరుకు ఆడించే గానుగ, ఒక ఇనప పెనం తెచ్చుకున్నారు. ఆ పెనం ఎంత వెడల్పంటే అందులో మేం పిల్లలందరం పడుకోవచ్చు. దీన్ని ఇప్పుడైతే స్టార్టప్ అంటారట. నా మనవరాలు అంటుంది. అప్పట్లో మా ఊళ్ళో ముసలిదానికి పట్టిన పిచ్చి అన్నారు.

బెల్లం వండడం చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. చెరుకు పాలు పెనంలో పోసి మంట పెడతారు. దంచిన బెండ కాడల జిగురు వేస్తే మురికంతా పైకి తేలుతుంది, దాన్ని తోడి పారేస్తారు. ఆ తర్వాత పొంగు, పొంగు తర్వాత బుడగలు, బుడగలు చిక్కబడి పాకం. ఆ పాకాన్ని ఎప్పుడు దించాలన్నదే అసలు సంగతి. ముందు దించితే అది గట్టిపడదు, జావలా ఉండిపోతుంది. ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న సందు చాలా చిన్నది. ఆ సందు మా జేజికి తెలుసు. గరిటెతో పాకం తీసి చన్నీళ్ళలో వదిలి, వేళ్ళ మధ్య ఉండ చేసి, బండ మీద విసిరి ఆ చప్పుడు వినేది. అప్పుడు ఆమె ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచేది. ఆ వెంటనే "దించండి" అనేది. అంతే, మా నాయనా, పక్కింటి మామా, ఇంకొందరూ కడ్డీలు దూర్చి పెనాన్ని ఎత్తి పక్కనున్న తొట్టిలోకి వంచేవాళ్ళు.

ఆమె ఒక్క పెనం కూడా తప్పలేదు. అదే మా పాలిట ముప్పు అని మాకెవరికీ తెలియదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావులు అడుగంటాయి. చెరుకు నిలువునా ఎండుతూ ఉంది, రోజు గడిచే కొద్దీ దానిలో పాలు తగ్గుతున్నాయి. తొందరగా కొట్టి ఆడించుకోవడం తప్ప దారి లేదు. సరిగ్గా అప్పుడే వడమాలపేటలో జేజి చెల్లెలు చనిపోయిందని కబురు వచ్చింది. తోడబుట్టినది పోతే పోకుండా ఉంటుందా? పోయింది. ఆ సరికి పక్కింటి మామ చెరుకు కొట్టి గానుగ దగ్గర దిబ్బ వేసి ఉన్నారు. కొట్టిన చెరుకు ఆగదు, ఎండకు పులుస్తుంది. మామ పెనం పెడదామన్నాడు. మా నాయన, "మాయమ్మ రానీ బావా, ఎవురు చెప్తారు దించమని?" అన్నాడు. తక్కిన వాళ్ళూ అదే అన్నారు. పెనం ఉంది, ఇంజను ఉంది, మనుషులున్నారు, చెరుకుంది. ఒక్క మాట అనేవాళ్ళు లేక అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. దినాలు ముగించుకుని జేజి వచ్చేసరికి ఆ దిబ్బ దగ్గర కల్లు వాసన కొడుతూ ఉంది.

మామ ఆమెను వాకిట్లోనే నిలేశాడు. ఆయన మాట ఎప్పుడూ సూటిపోటిగా ఉండేది కానీ ఆ రోజు అందులో నవ్వు లేదు. "అత్తా, రేపు నీకు జరమొస్తే మా బిడ్డలు పస్తుండల్నా? నువ్వు పైకి పోతే మేమందరం నీ ఎనకాల్నే రావల్నా? దీన్ని గానుగ అంటారా? నీ కొంగుకు కట్టిన ముడి ఇది" అన్నాడు. మద్రాసు వైపు ఇటుక బట్టీలకు మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీతో ఆయన అప్పటికే మాట్లాడేసుకున్నాడు. పెళ్ళాం బిడ్డలతో సహా పోతాడట. అట్లా పోయిన వాళ్ళు ఎట్లా తిరిగొచ్చారో మేం చూశాం. కొందరు తిరిగే రాలేదు. మామను చూసి ఇంకొందరూ అదే పాట ఎత్తుకున్నారు. నిలువు చెరుకు ఎట్లాగో ఆడించుకుని, ఇంజను ఊడదీసి అమ్మి, ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలని తేల్చేశారు.

జేజి చెప్పులు కూడా విప్పకుండా గానుగ దగ్గరికి పోయి, పులిసిన దిబ్బ ముందు చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత మా నాయనకు పాకం నేర్పాలని చూసింది. నాకు బాగా గుర్తు, అది చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. మా నాయన పాకం ఉండ చేసేవాడు, బండ మీద విసిరేవాడు, విని తలెత్తి జేజి మొహం చూసేవాడు. "నా మొగంలో ఏముందిరా, పాకం సూడు" అని ఆమె తల తిప్పుకునేది. ఈయన అటు తిరిగి పోయి చూసేవాడు. పక్కింటి మామా అంతే. అందరికీ ఆ ఎడమ కనుబొమ్మ కావాలి. ఇన్నేండ్లూ వాళ్ళు పెనం చుట్టూ నిలబడ్డారే కానీ చూసింది పాకాన్ని కాదు, ఆమె మొహాన్ని. మొహం చదవడంలో ఆరితేరిపోయారు.

ఒక్క మా అత్తకు ఆ అవకాశం లేదు. మా నాయన చెల్లెలు ఆమె. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. పెనం కిందికి మంట పెట్టే గుంటలో కూర్చుని, ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలోకి తోయడం ఆమె పని. ఆ గుంటలో కూర్చున్న మనిషికి పైన పెనం అడుగూ, ఇంత ఆకాశమూ తప్ప ఏమీ కనిపించదు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. జేజి కూడా అడగలేదు. అసలు ఆమె గుర్తుకే రాలేదనుకుంటాను.

ఒకరోజు తెల్లవారేసరికి జేజి కండ్లకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. మామూలు కట్టు కాదు. నందివర్ధనం పూలు కండ్ల మీద పరిచి, నుదుటి నుంచి పై పెదవి దాకా తడిపిన పంచె ముక్కను చుట్టుకుంది. కండ్లకలక అంది. మా వైపు కండ్లకలక వచ్చిన మనిషి మొహంలోకి చూస్తే చూసిన వాళ్ళకూ అంటుకుంటుందని నమ్మకం. అందుకని అందరూ ఆమెకు దూరంగా జరిగి, నేల చూపులు చూస్తూ మాట్లాడారు. నాకు అంతకుముందే కండ్లకలక వచ్చి తగ్గిపోయింది, ఇంక రాదని నన్ను ఆమెకు తోడు పెట్టారు. చెయ్యి పట్టి నడిపించుకుని గానుగ దగ్గరికి తీసుకుపోయాను. పెనానికి కొంచెం ఎడంగా రాతి మీద కూర్చుంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

పని ఆపుదామని మామ అన్నాడు. కానీ ముందు రోజు సాయంత్రమే జేజి మా చెరుకు కొట్టించేసింది. వంతు మాది కాదు. గానుగ మొదలైనప్పటి నుంచి మా చెరుకు అందరికన్నా కడపటనే ఆడేది, అది ఆమె పెట్టిన కట్టుబాటే. దాన్ని ఆమే తప్పడం చూసి మామ ముందు రోజే మూతి విరిచాడు. "ఇంజను ఊడదీసే లోపల తన చెరుకు తాను ఆడించుకుంటాంది. తెలివైందప్పా మాయత్త!" అన్నాడు అందరూ వినేట్టు. ఇప్పుడు కొట్టిన చెరుకు దిబ్బ పడి ఉంది. ఎండ ఎక్కుతూ ఉంది. ఆపితే మామ చెరుక్కు పట్టిన గతే పడుతుంది. మా అమ్మ ఆ దిబ్బను, జేజి కండ్ల కట్టును మార్చి మార్చి చూసింది. చివరికి మా నాయనే ఇంజను తిప్పాడు.

మొదటి పెనం ఉడుకుతూ ఉంటే జేజి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు దగ్గర పట్టుకుంది. పాకం చిక్కబడే కొద్దీ ఆమె రెండో చేతి వేళ్ళు తమంతట తామే కదులుతున్నాయి, గాలిని ఉండ చేస్తున్నట్టు. తడి గుడ్డ లోపల ముక్కుపుటాలు అదరడం కనిపిస్తూ ఉంది. నేను పెనం వైపు చూస్తున్నాను. మా నాయన గరిటె ముంచాడు, నీళ్ళలో వదిలాడు, ఉండ చేశాడు, తల తిప్పి జేజి వైపు చూశాడు. గుడ్డ కనిపించింది. మళ్ళీ గరిటె ముంచాడు.

అప్పుడు జేజి చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. గోళ్ళు దిగేలా బిగుసుకుంది. నేను అరవబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. గుడ్డ కింద దవడ ఎముక లేచి ఉంది. పండ్లు కరిచి పెట్టుకుంది. కాసేపటికి ఆ పట్టు సడలింది. పూర్తిగా సడలి, చెయ్యి ఒడిలోకి జారిపోయింది. ఆ తర్వాత మాడిన వాసన వచ్చింది.

చిన్నదాన్నే అయినా నాకు అర్థమైంది. ఆమెకు తెలుసు. కండ్లతో పని లేకుండానే తెలుసు. ఆ చిన్న సందు వచ్చినప్పుడు తెలుసు, పోయినప్పుడూ తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. నల్లబడిపోయిన మా చెరుకును తొట్టిలోకి వంచుతున్న చప్పుడు వింటూ, రాయిలా కూర్చుంది.

రెండో పెనానికి అందరికీ భయం పట్టుకుంది. భయం పట్టుకుంటే మనిషి తొందరపడతాడు. మా నాయన పాకం ఇంకా పలచగా ఉండగానే గరిటె ఎత్తుకుని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. కండ్లకలక అంటుకుంటుందన్న మాట కూడా మరిచిపోయాడు. నీళ్ళలో వదిలిన పాకం ముద్దను జేజి అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు. "అమా, ఇది పట్టి సూసి చెప్పు. కండ్లతో పనేముంది దీనికి? ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయిపోయింది. జేజి ఆ ముద్దను వేళ్ళ మధ్య ఒక్కసారి తిప్పింది.

"నాకు తెలీదురా" అంది. "కండ్లు లేకుండా నాకేం తెలుస్తాది. మీరే సూసుకోండి."

నేను జీవితంలో విన్న అబద్ధాల్లో అంత బరువైన అబద్ధం ఇంకొకటి లేదు.

మా నాయన అరిచి గరిటె నేలకేసి కొట్టాడు. వెళ్ళి పెనం దించమన్నాడు. దించారు. తొట్టిలో పోసిన పాకం గట్టిపడుతుందని ఎదురుచూశారు. పారలతో తిప్పారు, విసిరారు, దేవుళ్ళకు మొక్కారు. అది జావలాగే ఉండిపోయింది. వేలు పెడితే కారిపోతూ ఉంది. మా అమ్మ తొట్టి అంచున చతికిలబడి అందులోకి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మామ తలగుడ్డ విప్పి దులిపి భుజం మీద వేసుకున్నాడు. మా వైపు ఆ పని చేశాడంటే, ఇంక ఈడ నాకేం లేదు, పోతాండాను అని అర్థం. ఎవరూ ఆయన్ను ఆపలేదు.  ఇంజను దగ్గర ఉన్న వాళ్ళు దాన్ని ఆపేయాలా అని అడిగారు. ఇంజను అట్లాగే ఆడుతూ ఉంది.

ఇంకొక పెనం మిగిలి ఉంది. నిజం చెప్పాలంటే ఆ పూట ఎవరూ ఆ పెనాన్ని గెలవడం కోసం పెట్టలేదు. అప్పటికే ఆడించిన పాలు ఉన్నాయి, పారబోయడానికి చేతులు రాలేదు, అంతే. మా అత్త గుంటలోకి దిగి మంట పెట్టింది. మామ ఆగాడు కానీ తలగుడ్డ భుజం మీదే ఉంది. మా నాయన గరిటె తీసుకోలేదు, దూరంగా పోయి కూర్చున్నాడు. పెనం తన పాటికి తాను ఉడుకుతూ ఉంది. బెండ జిగురు వేసింది, మురికి తోడింది మా అమ్మే. ఆమె కదలికల్లో ప్రాణం లేదు. నేను జేజి పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది, అంత మంట పక్కన కూడా.

బుడగలు చిక్కబడ్డాయి. చప్పుడు మారింది. గబగబమన్న చప్పుడు పోయి, బురదలో ఎద్దు కాళ్ళు తీసి పెట్టినట్టు బొద్దు బొద్దుమనే చప్పుడు మొదలైంది. జేజి వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. 

అప్పుడు గుంటలో నుంచి పిప్పి తోసే చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మా అత్త గొంతు వినిపించింది. "నేను మంట ఆపేసినాను" అంది. ఒక్క క్షణం ఆగి, "దించండి" అంది.

ఎవరూ కదలలేదు. ఆ గొంతు ఆ మాట అనడం ఎప్పుడూ వినలేదు కదా. మా నాయన లేచి అలవాటు కొద్దీ జేజి వైపు తిరిగాడు. గుడ్డ. నా మణికట్టు మీద జేజి పట్టు అప్పుడే బిగుసుకుంది, మొదటి పెనం అప్పటికన్నా గట్టిగా. రక్తం వస్తుందేమో అనుకున్నాను. సందు వచ్చేసింది. వాళ్ళు నిలబడి ఉన్నారు. సందు పోతూ ఉంది.

మా అత్త గుంటలోంచి పైకి లేచింది. మొహమంతా మసి, బూడిద. "సెవుడా మీకు? దించండ్రా! ఆమెకెల్లి ఏం సూస్తారు, ఆమె కండ్లు కట్టేసుకోనుండాది!" అని అరిచింది.

కడ్డీ మొదట పట్టుకున్నది పక్కింటి మామ. భుజం మీది గుడ్డ జారి కింద పడింది, దాని మీదే కాలు పెట్టి "పట్టు బావా, యాడ సూస్తాండావు!" అని కేకేశాడు. పెనం లేచింది. పాకం తొట్టిలోకి దూకింది. జేజి చెయ్యి నా చేతిని వదిలేసింది.

 పారలు తిరుగుతున్నాయి. పాకం బరువెక్కింది, రంగు తేలింది, అంచుల దగ్గర మెల్లగా పొడిబారింది. మామ వేలితో ఒత్తి చూశాడు. వేలు దిగలేదు. చిన్న పెచ్చు విరిచి నోట్లో వేసుకుని, అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగాయి కానీ నోరు ఊరుకుంటుందా, మా అత్త వైపు తిరిగాడు. "అమ్మణ్ణీ, మీయమ్మ వండిన దానికంటే తియ్యగా ఉండాది. ఆ ముసలామెకు చెప్పబాకు, ఉడుక్కుంటాది" అన్నాడు. జేజి కూడా వింది. గుడ్డ కింద పెదవులు వణికాయి.

మా అత్తను అడిగారు, ఎట్లా తెలిసిందని. ఆమె సిగ్గుపడిపోయింది. "గుంటలో నుంచి అమ్మ మొగం నాకు కనపడదు గదా. సప్పుడు వింటా వాసన సూస్తా ఉంటాను. అమ్మ చెప్పే ముందే మంట తగ్గించల్ల, లేకుంటే నన్ను తిడతాది" అంది. అంతే. ఏండ్ల తరబడి ఆమె ఆ సందును కిందనుంచి కనిపెడుతూనే ఉంది. పైన ఉన్న వాళ్ళకు చూడడానికి ఒక మొహం ఉండబట్టి వాళ్ళకు ఆ అవసరం రాలేదు.

సాయంత్రం ఇంట్లో జేజికి నీళ్ళు తోడి ఇచ్చాను. ఆమె గుడ్డ విప్పింది. వాడిపోయిన నందివర్ధనం పూలు నీళ్ళలో రాలాయి. కలక లేదు. ఏడ్చిన ఎరుపు మాత్రం ఉంది. నేను అట్లాగే చూస్తూ నిలబడ్డాను. "నీకు కనపడతా ఉండాదా జేజీ?" అని అడిగాను.

"నాకు కనపడేదాంతో పనేముందే" అంది. "నేను వాళ్ళకు కనపడకూడదు."

ఆ మాట ఎంత బరువైనదో తెలియడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. కానీ ఆ రోజు ఇంకొకటి తెలిసింది. మా చెరుకును వంతు తప్పి ముందుకు ఎందుకు తెచ్చిందో తెలిసింది. పెనాలు చెడిపోతాయని ఆమెకు తెలుసు. నేర్చుకునేవాడి చేతిలో చెడిపోక తప్పదు. చెడిపోయేది మామ చెరుకు కాకూడదు, ఇంకొకరిది కాకూడదు. అందుకని మాది వేసింది.

ఇక్కడితో ఆపేస్తే మా జేజి దేవత అయిపోతుంది. ఆమె దేవత కాదు. ఆ ఏడు మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. మా అమ్మ, నాయన కూలికి పోయారు. సంగట్లోకి ఊరుబిండి పచ్చడి కూడా లేక ఉప్పు నీళ్ళు పోసుకున్న రోజులున్నాయి. మా నాయనకు నిజం తెలిశాక చాలా రోజులు కన్నతల్లితో మాట్లాడలేదు, ఒకే ఇంట్లో ఉంటూ గోడతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. మా అమ్మ ఒక్కసారి మాత్రం అనింది, సంగటి కెలుకుతూ, తల ఎత్తకుండా. "నా చెరుకును మంటలో ఎయ్యదల్సుకుంటే నన్ను ఒక మాట అడిగుండొచ్చు గదత్తా."   మా అమ్మ చెప్పింది న్యాయం. అడిగి ఉంటే మా అమ్మ ఒప్పుకునేదో లేదో, ఒప్పుకున్నా మొహంలో దాచగలిగేదో లేదో నాకు తెలియదు. అయినా అడిగి ఉండాల్సింది.

మామ ఇటుక బట్టీకి పోలేదు. ఇంజను ఊడదీయలేదు. మరుసటి ఏడు చెరుకు కోతకు వచ్చే వేళకు జేజి పోయింది. మట్టి చేసి వచ్చిన వాళ్ళు, దినాలు గడవకుండానే గానుగ తిప్పారు. అది తప్పని ఊళ్ళో కొందరన్నారు. మా అత్త గుంటలోంచి లేచి పెనం దగ్గర నిలబడి "దించండి" అంది. గుంటలోకి ఇంకో పిల్లను దించింది. పాకం చూసేటప్పుడు ఆమె ఎప్పుడూ మాకు వీపు పెట్టి నిలబడేది, అది మాత్రం నాకు బాగా గుర్తు. ఆ పెనం చిల్లులు పడి, అతుకులు పడి, చివరికి మారిపోయింది. గానుగ మాత్రం ఉంది. ఇప్పుడు మామ మనవళ్ళు, మా అన్న కొడుకులు నడుపుతున్నారు. దాన్ని మొదలుపెట్టిన మనిషి మొహం వాళ్ళలో ఎవరూ చూసి ఎరగరు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి నా మనవరాలే కారణం. తిరుపతిలో కంపెనీ పెట్టింది. పల్లెల్లో కూరగాయలు కొని హోటళ్ళకు, హాస్టళ్ళకు చేరుస్తారు. దాని దగ్గర చదువుకున్న పిల్లలు పని చేస్తారు, తెలివైన వాళ్ళే. కానీ పొద్దున్నుంచి దాని ఫోన్ మోగుతూనే ఉంటుంది. అన్నం నిలబడి తింటుంది. మొన్న దానికి జ్వరం వచ్చి పడుకుంటే బండ్లు ఎక్కడివి అక్కడ నిలబడిపోయాయట. మరుసటి రోజు నా ఒళ్ళో తల పెట్టుకుని, "ఈ నెల గడిస్తే చాలవ్వా, ఆ తర్వాత మూసేస్తాను" అంది. ఆ గొంతు నాకు కొత్త కాదు. అరచేతిలో పాకం ముద్ద పెట్టి మూసిన మా నాయన గొంతు అది.

దానికి ఈ కథంతా చెప్పాను. విని లేచి కూర్చుంది. "వాళ్ళు తప్పు చేస్తే?" అంది.

"చేస్తారు. ముందు నీ చెరుకు వెయ్యి" అన్నాను. "కానీ ఇంట్లో వాళ్ళకు చెప్పి వెయ్యి."

నిన్న నన్ను దాని ఆఫీసుకు తీసుకుపోయింది. పక్కన కుర్చీ వేసింది. ఒక అమ్మాయి గబగబా వచ్చింది. సత్యవేడు నుంచి రావాల్సిన వంకాయలు సగమే వచ్చాయట. "ఎవరికి తగ్గిద్దాం మేడమ్?" అని అడిగి, దాని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపును నేను పెనం దగ్గర చూశాను. నా మనవరాలు నోరు తెరవబోయింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను, గోళ్ళు దిగేలా. అది నొప్పికి పెదవి కరుచుకుని, తల దించుకుంది. ఆ అమ్మాయి నిలబడింది, కాలు మార్చింది, ఇంకాసేపు నిలబడింది. చివరికి, "హాస్టల్ పిల్లలకు తగ్గించలేం మేడమ్. పెద్ద హోటల్‌కు నేనే ఫోన్ చేసి చెబుతాను, తిట్టినా పడతాను" అని వెళ్ళిపోయింది. అది సరైన పనో కాదో నాకు తెలియదు. ఆ కంపెనీ నిలుస్తుందో లేదో కూడా తెలియదు. మేం ఇద్దరం చేతులు పట్టుకుని అట్లాగే కూర్చున్నాం.

మా జేజి గోళ్ళు దిగిన గుర్తు నా చేతి మీద ఎప్పుడో మాసిపోయింది. కోడలు వంట చేస్తున్నప్పుడు, కొడుకు ఇల్లు కడుతున్నప్పుడు, నాకు తెలిసిన పని ఇంకొకరు తప్పుగా చేయబోతున్నప్పుడు నా నోరు తెరుచుకోబోతుంది. అప్పుడు ఆ మణికట్టు నొప్పి పెడుతుంది.